మెకంజీ సేకరణలోని చిత్రాలు, పటాలు

ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కల్నల్ కాలిన్ మెకంజీ దక్షిణాపథంలో ముప్ఫై ఏళ్లకు పైగా గీయించి, కొలిపించి, రాయించిన కాగితాల రాశిని మెకంజీ సేకరణ అంటారు. రేఖాచిత్రాలు, నీటిరంగుల బొమ్మలు, కోటల ప్లానులు, జిల్లాల పటాలు, శాసనాల నకళ్లు, ఊళ్ల కైఫియత్తులు (స్థానిక చరిత్రలు), తాళపత్రాలు, నాణేలు, శిల్పాలు ఇందులో ఉన్నాయి. మెకంజీ మరణించాక హోరేస్ హేమన్ విల్సన్ తయారుచేసిన జాబితా 1828లో కలకత్తాలో అచ్చయింది. దాని లెక్క ప్రకారం రేఖాచిత్రాలు 2,630, ప్లానులు 79, శాసనాల నకళ్లు 8,076, నాణేలు 6,218, గ్రంథాల రాతప్రతులు 1,568.

తెలుగువారికి మెకంజీ పేరు కైఫియత్తుల ద్వారానే పరిచయం. ఊరి పుట్టుపూర్వోత్తరాలు, గుడి మాన్యాలు, చెరువు తవ్వించినవారి పేర్లు వెతికేవారు ముందుగా తిరగేసేది వాటినే. ఆ కైఫియత్తులతో పాటు పుట్టిన బొమ్మలు, పటాలు మాత్రం లండన్ చేరాయి. మన చరిత్ర పుస్తకాలలోకి చాలా తక్కువగా వచ్చాయి. రాత, బొమ్మ, పటం ఈ మూడూ ఒకే బృందం పని. వాటిని విడదీసి చదివితే ప్రతిదీ సగమే చెబుతుంది. ఈ సేకరణ గురించి ముందుగా తెలుసుకోవలసింది అదే.

సేకర్త

మెకంజీ 1754లో స్కాట్లండ్ పడమటి దీవులలో ఒకటైన లూయిస్‌లో, స్టోర్నోవే రేవుపట్నంలో పుట్టాడు. 1783లో మద్రాసు చేరి మొదట పదాతి దళంలో, తర్వాత ఇంజనీర్ల దళంలో పనిచేశాడు. నెల్లూరు, గుంటూరు ప్రాంతాలు అతని తొలి కార్యరంగాలు. 1790–92 నాటి మూడో మైసూరు యుద్ధంలో పాల్గొన్నాడు. ఆ తర్వాత నిజాం రాజ్యంలో కంపెనీ సేన వెంట ఇంజనీరుగా, సర్వేయరుగా ఉంటూ హైదరాబాదు నుంచి కృష్ణ, పెన్న నదుల దాకా తిరిగాడు. 1794లో నల్లమల అడవిలో ప్రయాణించి శ్రీశైలం చూశాడు. ఆ దేవాలయం మీద అతను రాసిన వ్యాసం 1798లో ‘ఏషియాటిక్ రిసర్చెస్’ పత్రిక అయిదో సంపుటంలో వచ్చింది. బొమ్మలు చెక్కిన శ్రీశైల ప్రాకారాన్ని బయటి ప్రపంచానికి వర్ణించి చెప్పిన తొలి రచనలలో అది ఒకటి.

1799లో టిప్పు సుల్తాను రాజధాని శ్రీరంగపట్నం పడిపోయింది. టిప్పు రాజ్యాన్ని పంచుకోవాలన్నా, శిస్తు నిర్ణయించాలన్నా, సైన్యాన్ని నడపాలన్నా కంపెనీకి పటం కావాలి. ఆ అవసరం నుంచే మైసూరు సర్వే పుట్టింది, దాన్ని మెకంజీకి అప్పగించారు. ఈ సేకరణను మెచ్చుకునేవారు కూడా ఈ సంగతి మరవకూడదు. బొమ్మకు కాగితం, గీసేవాడికి జీతం, బండికి ఎద్దులు అన్నీ యుద్ధం గెలిచిన ప్రభుత్వం ఖర్చుతోనే సమకూరాయి. అయితే ప్రభుత్వం అడిగింది కొలతలు. గుళ్లు, శాసనాలు, వంశావళులు, వీరగల్లుల (వీరుల స్మారక శిలల) బొమ్మలు మెకంజీ తన ఆసక్తి కొద్దీ, తరచు సొంత డబ్బు పెట్టి చేయించినవి. 1810లో మద్రాసుకు, 1815లో మొత్తం భారతదేశానికి సర్వేయర్ జనరల్ అయ్యాడు. నడుమ 1811 నుంచి 1813 దాకా జావాలో ఉండి అక్కడా బొమ్మలు గీయించాడు. 1821 మే 8న కలకత్తా దగ్గర మరణించాడు.

పటాలు ఎలా తయారయ్యాయి

మైసూరు సర్వే దాదాపు పదేళ్లు సాగి, సుమారు 40,000 చదరపు మైళ్ల నేలను పటం మీదికి తెచ్చింది. దాని వెనకే దత్తమండలాల సర్వే. నిజాం 1800లో కంపెనీకి వదిలేసిన కడప, కర్నూలు, అనంతపురం, బళ్లారి సీమలను కొలిచిన పని అది. అప్పటిదాకా ఉన్న పటాలలో ప్రసిద్ధమైనది జేమ్స్ రెన్నెల్ 1782లో వేసిన హిందూస్థాన్ పటం. సైనికుల ప్రయాణ లెక్కలను, బాటసారుల మాటలను జోడించి కూర్చిన పటం కాబట్టి దక్కన్ లోపలి భాగం అందులో చాలాచోట్ల ఊహే. మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి ఆ ఖాళీలను నింపారు.

ఎత్తయిన గుట్టల మీద జెండాలు పాతి, థియొడొలైట్‌తో కోణాలు చూసి, నేలను త్రిభుజాలుగా విడగొట్టడం మొదటి దశ. ఆ త్రిభుజాల లోపల గొలుసులు పరిచి, దూరాన్ని తానే లెక్కపెట్టే చక్రాన్ని బాట వెంట దొర్లించి, కాళ్లున్న బల్ల మీద కాగితం పరిచి చెరువు, వాగు, కోట, కనుమ, ఊరు ఒక్కొక్కటే గుర్తించడం రెండో దశ. ఆ కాలంలోనే విలియం లాంబ్టన్ మరో సర్వే నడిపాడు. 1802లో మద్రాసు పక్కన పరంగిమలై దగ్గర ఏడున్నర మైళ్ల ఆధార రేఖ కొలిచి అతను మొదలుపెట్టిన త్రికోణమితి సర్వే భూగోళం ఆకారాన్నే తేల్చబూనింది. లాంబ్టన్ వెతికినది గణిత కచ్చితత్వం. మెకంజీ వెతికినది ఆ బిందువుల నడుమ ఉన్న ఊళ్లు, మనుషులు. ప్రభుత్వం సొమ్ము కోసం ఈ రెండు సర్వేల మధ్య పోటీ ఉండేది. చివరికి ఆధునిక పటానికి రెండూ కావలసివచ్చాయి.

పటం మీది పేర్లు ఊరికే రాలేదు. ఫలానా గుట్టను ఆ చుట్టుపక్కలవాళ్లు ఏమంటారు, ఫలానా చెరువు ఎవరి కాలం నాటిది అని కరణాన్ని, పూజారిని, ఊరి పెద్దను అడగాలి. ఆ అడగటంలోనే కైఫియత్తు పుట్టింది. చెరువు పటంలో ఒక గీత, కైఫియత్తులో ఒక కథ.

గీసినవారిలో ఎక్కువమంది మద్రాసు అబ్జర్వేటరీ సర్వే పాఠశాలలో చదివిన కుర్రవాళ్లు. 1794లో మైకేల్ టాపింగ్ చొరవతో వెలసిన ఆ బడిలో మద్రాసు అనాథాశ్రమం నుంచి తెచ్చిన పిల్లలకు లెక్కలు, కొలతలు, పటం గీయడం నేర్పేవారు. చాలామంది ఐరోపా సైనికులకు, ఈ దేశపు స్త్రీలకు పుట్టినవారు. టాపింగ్ కృష్ణా గోదావరి డెల్టాలను కొలిచినవాడు. 1796లో మచిలీపట్నంలోనే చనిపోయాడు. అతని బడి పిల్లలు జ్వరాల అడవులలో ఏళ్ల తరబడి పనిచేశారు. పటాల మీద వారి పేర్లు చిన్న అక్షరాలతో మూలన కనబడతాయి, లేదా అసలు కనబడవు.

అమరావతి బొమ్మలు

మొత్తం సేకరణలో తెలుగు నేలకు సంబంధించి అత్యంత విలువైనది అమరావతి ఆల్బం. ఎనభైకి పైగా రేఖాచిత్రాలున్న ఈ సంపుటం ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

18వ శతాబ్దం చివర రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన రాజధానిని చింతపల్లి నుంచి కృష్ణ ఒడ్డునున్న అమరావతికి మార్చాడు. కొత్త ఊరికి ఇటుక కావాలి, రాయి కావాలి. ధరణికోట పక్కన దీపాలదిన్నె అని పిలిచే దిబ్బను తవ్వితే రెండూ దొరికాయి. దొరికిన రాళ్ల మీద బొమ్మలున్నాయని విని మెకంజీ 1797లో అక్కడికి వెళ్లాడు. అప్పటికి దిబ్బ చాలావరకు నిలిచే ఉంది. చూసినదాన్ని రాసుకుని, ఇతర పనుల ఒత్తిడిలో సాగిపోయాడు.

మళ్లీ వచ్చింది 1816లో. దాదాపు ఇరవై ఏళ్ల ఆ విరామం అమరావతికి తీరని నష్టం. దిబ్బ నడిమి భాగాన్ని తవ్వి కోనేరు చేయబోయారు. శిల్పాలున్న పలకలు కొన్ని గోడలలో, మెట్లలో చేరాయి, కొన్ని సున్నం బట్టీల పాలయ్యాయి. ఈసారి మెకంజీ బృందాన్ని అక్కడే ఉంచాడు. 1816 నుంచి 1818 దాకా హెన్రీ హామిల్టన్, జాన్ న్యూమన్, మురుగేశ మొదలియారు తదితరులు మిగిలిన పలకలను కాగితం మీదికి ఎక్కించారు. 1817 జూన్ నాటి ప్లానులో దిబ్బ వలయం, నడుమ తవ్విన గుంట, చుట్టూ ఇంకా నిలబడి ఉన్న రాళ్లు స్థానాలతో సహా కనిపిస్తాయి.

ఈ బొమ్మల పద్ధతిని గమనించాలి. సన్నని సిరాగీతలతో రూపం కట్టి, పలుచని బూడిదరంగు పూతతో ఎత్తుపల్లాలు చూపారు. చాలావాటికి కింద కొలబద్ద ఉంది. గీసినవారి పేరు, తేదీ ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యం, రాయి ఎక్కడ విరిగిందో గీత కూడా అక్కడే ఆగింది. పోయిన భాగాన్ని ఊహించి అతికించలేదు. ఆ కాలపు ఐరోపా చిత్రకారులు పాడుబడిన కట్టడానికి ఒక తీగ, ఒక గొర్రెల కాపరి, సాయంకాలపు ఆకాశం చేర్చేవారు. ఇక్కడ అలాంటివేవీ లేవు. కంచె పలకల మీది పద్మాలు, పూలమాల మోస్తున్న మరుగుజ్జులు, ఖాళీ సింహాసనం, బోధివృక్షం, పలక మీదే చెక్కిన చిన్న స్తూపం ఉన్నవి ఉన్నట్టు దిగాయి.

మెకంజీ మాత్రం ఇది జైనుల కట్టడమనే అనుకున్నాడు. బౌద్ధ స్తూపాల రూపురేఖలు ఐరోపా పండితులకు అప్పటికి ఇంకా స్పష్టం కాలేదు. అయినా బొమ్మ తప్పు కాలేదు. గీసినవారు తమకు తెలిసిన అర్థాన్ని రాయి మీద రుద్దకుండా కంటికి కనబడిన రూపానికి కట్టుబడ్డారు. అందువల్లే అర్ధశతాబ్దం తర్వాత వేరొకరు అదే బొమ్మలో బుద్ధుణ్ణి చదవగలిగారు. నా దృష్టిలో ఈ ఆల్బం గొప్పతనం ఇక్కడుంది.

ఆ చదివినవాడు వాస్తు చరిత్రకారుడు జేమ్స్ ఫెర్గుసన్. ఈలోగా 1830లలో కొన్ని పలకలు మచిలీపట్నం బజారు కూడలిలో అలంకారంగా నిలిచాయి. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ మళ్లీ తవ్వించి చాలా శిల్పాలను మద్రాసుకు చేర్చాడు. అక్కడ అవి ఏళ్లపాటు ఎండకు ఎండి వానకు తడిశాయి. 1859లో లండన్‌కు ఓడ ఎక్కాయి. 1867లో పారిస్ ప్రదర్శన కోసం ఫొటోలు వెతుకుతూ ఫెర్గుసన్ వాటిని లండన్‌లోని ఫైఫ్ హౌస్ గుర్రబ్బళ్ల షెడ్డులో కనుగొన్నాడు. రాళ్లతో పాటు మెకంజీ బొమ్మలనూ దగ్గర పెట్టుకుని వృక్ష, నాగ పూజల మీద తన గ్రంథాన్ని 1868లో వెలువరించాడు. 1880లో శిల్పాలు బ్రిటిష్ మ్యూజియానికి మారాయి. ఇప్పుడు అమరావతి శిల్పాలు ముఖ్యంగా లండన్‌లో, చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో, అమరావతిలోని మ్యూజియంలో ఉన్నాయి. ఏ పలక పక్కన ఏ పలక ఉండేదో తేల్చాలంటే ఈ మూడు చోట్ల రాళ్లనూ మెకంజీ ఆల్బంతో సరిపోల్చాల్సిందే. ఆల్బంలోని కొన్ని బొమ్మలకు రాయి ఈ మూడు చోట్లా దొరకదు. అలాంటి రాళ్లకు ఇప్పుడు మిగిలిన ఆధారం ఆ కాగితమే.

కోటలు, మనుషులు, ముద్రణ చిత్రాలు

అమరావతి తర్వాత చెప్పుకోదగినది 1799 నాటి విజయనగర పటం. హంపీ శిథిలాలను కొలతలతో నేల మీద పరిచి చూపిన తొలి ప్రయత్నం అదే. నదీ, కొండగుట్టలూ, గుళ్ల వీధులూ, కోటగోడల వరసలూ నీటిరంగులలో తీర్చారు. పురావస్తు శాఖ పుట్టడానికి అరవై ఏళ్ల ముందు మాట ఇది.

కొండకోటల బొమ్మలలో సైనికుడి చూపు స్పష్టం. ఏ వైపు నుంచి ఎక్కవచ్చు, నీళ్లు ఎక్కడున్నాయి, బురుజుకు ఎదురుగా ఫిరంగి నిలిపే చోటుందా అనేవే ఆ బొమ్మలలో ముందు కనిపిస్తాయి. వీరగల్లులు, సతికల్లులు (సతుల స్మారక శిలలు), గుడి స్తంభాలు, ఊరిబయటి రాతిగూళ్ల చిత్రాలు మాత్రం ఏ సైన్యానికీ పనికిరానివి. అవి పూర్తిగా మెకంజీ కుతూహలం ఫలితం. బాలాఘాట్ సీమ వేషధారణల ఆల్బంలో కొండ ఎగువ ప్రాంతాల మనుషులు వారి వారి దుస్తులలో, పనిముట్లతో, కులాల పేర్లతో నిలబడి ఉంటారు. బట్టల, నగల చరిత్రకు ఇది మంచి ఆధారం. మనుషులను నమూనాలుగా వరసకట్టి చూసే తర్వాతి కాలపు జనాభా లెక్కల ధోరణికి ఇది ఒక తొలి అడుగని కూడా గుర్తుంచుకోవాలి.

ఈ బొమ్మలు ఎందుకింత మరుగున పడ్డాయో తెలియాలంటే ఆనాటి ముద్రణ చిత్రాలతో పోల్చాలి. ఆంగ్ల చిత్రకారుడు థామస్ డానియెల్, అతని సోదరుడి కొడుకు విలియం 1792–93లో దక్షిణాది తిరిగి చిత్రాలు గీసుకుని లండన్ వెళ్లారు. 1795 నుంచి 1808 దాకా ‘ఓరియంటల్ సీనరీ’ పేరుతో 144 ముద్రణ చిత్రాలు విడుదల చేశారు. రాగిరేకు మీద రాళపొడి చల్లి, వేడికి అంటించి, యాసిడ్‌లో ముంచితే నీటిరంగులాంటి మృదువైన ఛాయలు వస్తాయి. దీన్ని అక్వాటింట్ అంటారు. అచ్చు తీశాక చేత్తో రంగులద్దేవారు. ఒక రేకు నుంచి ఎన్నో ప్రతులు వస్తాయి కాబట్టి తంజావూరు గోపురం, మహాబలిపురం రథాలు ఇంగ్లండ్ దొరల గోడలకు ఎక్కాయి. మెకంజీ బొమ్మలలో చాలా కొద్దివి మాత్రమే పత్రికలలో అచ్చుకెక్కాయి. తక్కినవి ఒకటీ రెండూ ప్రతులతోనే అలమారలలో ఉండిపోయాయి. అచ్చయిన బొమ్మ భారతదేశం ఎలా ఉంటుందో ఐరోపాకు నేర్పింది. అచ్చుకాని బొమ్మ ఎక్కువ నిజం చెప్పింది, కానీ దాన్ని చూసినవారు తక్కువ.

కావలి సోదరులు

మెకంజీకి దేశభాషలు రావు. ఆ సంగతి అతనే ఒప్పుకున్నాడు. అతనికి కళ్లు, చెవులు ఏలూరు వాస్తవ్యులైన కావలి సోదరులు. వారిలో కావలి వెంకట బొర్రయ్య 1776లో పుట్టి, 1796 ప్రాంతంలో మెకంజీ కొలువులో చేరాడు. తెలుగు, సంస్కృతాలతో పాటు పలు భాషలు నేర్చి, హళగన్నడ (పాత కన్నడ) శాసనాలను చదివే దారి పట్టుకున్నాడు. జైనుల గురించి అతను సేకరించి అనువదించిన వివరాలు అతని పేరుతోనే ‘ఏషియాటిక్ రిసర్చెస్’ తొమ్మిదో సంపుటంలో వచ్చాయి. 1803లో, ముప్ఫై ఏళ్లయినా నిండకుండా చనిపోయాడు. శాసనలిపి పరిశోధన చరిత్రలో అతనికి దక్కిన చోటు ఇప్పటికీ చాలా చిన్నది.

అతని స్థానంలో తమ్ముడు లక్ష్మయ్య వచ్చి చివరిదాకా పని నడిపాడు. నారాయణరావు, బాబూరావు, శ్రీనివాసయ్య వంటివారు జిల్లాలు తిరిగి ప్రతులు, సమాచారం పోగుచేస్తూ నెలనెలా నివేదికలు పంపేవారు. జైన పండితుడు ధర్మయ్య శాసనాలు చదివేవాడు.

ఈ సమష్టి కృషిని కంటికి కట్టేది 1816లో థామస్ హిక్కీ మద్రాసులో వేసిన తైలవర్ణ చిత్రం. అదీ ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలోనే ఉంది. ఎర్రకోటు తొడుక్కున్న మెకంజీ చుట్టూ ముగ్గురు భారతీయులు. ఒకరి చేతిలో తాటాకులున్నాయి. ముగ్గురినీ లక్ష్మయ్య, ధర్మయ్య, దుర్భిణి పట్టుకున్న మరో సహాయకుడు కిష్టాజీ అని గుర్తిస్తారు. వెనక కొండ మీద కార్కళ గోమటేశ్వరుడు. తాటాకు, దుర్భిణి రెండూ ఒకే బొమ్మలో ఉండటమే ఈ సేకరణ స్వభావం. బొర్రయ్య అప్పటికి పదమూడేళ్ల కిందటే పోయాడు; ఆ చిత్రంలో అతనికి చోటు లేదు.

చీలిక

మెకంజీ మరణించాక అతని భార్య పెట్రోనెల్లా నుంచి కంపెనీ ప్రభుత్వం సేకరణను లక్ష రూపాయలకు కొన్నది. తర్వాత పంపకం మొదలైంది. 1823, 1825లలో చిత్రాలు, పటాలు, నాణేలు లండన్‌లో లెడన్‌హాల్ వీధిలోని కంపెనీ మ్యూజియానికి, గ్రంథాలయానికి వెళ్లాయి. దక్షిణాది భాషల రాతప్రతులు 1828లో మద్రాసుకు తిరిగి వచ్చాయి. మరికొన్ని రాతప్రతులు లండన్‌లోనే ఉండిపోగా, సెలవు మీద అక్కడ ఉన్న తెలుగు పండితుడు సి.పి. బ్రౌన్ వాటిని చూసి, పట్టుబట్టి 1830ల చివర మద్రాసుకు పంపించాడు. నేడు అవి చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. కడప జిల్లా కైఫియత్తులను కడపలోని బ్రౌన్ గ్రంథాలయ పరిశోధన కేంద్రం సంపుటాలుగా అచ్చువేసింది.

లండన్ వైపు, ఇండియా మ్యూజియంగా పేరుపడిన ఆ కంపెనీ మ్యూజియం 1879లో మూతపడి వస్తువులు చెల్లాచెదురయ్యాయి. చిత్రాలలో పెద్ద భాగం ఇండియా ఆఫీసు లైబ్రరీలో నిలిచి, 1982లో దానితో పాటు బ్రిటిష్ లైబ్రరీలో కలిసింది. మిల్డ్రెడ్ ఆర్చర్ 1969లో రెండు సంపుటాలుగా వెలువరించిన వివరణ పట్టిక ఈ బొమ్మలకు తొలి నమ్మకమైన దారి చూపింది. 2010లో జెన్నిఫర్ హౌస్ పుస్తకం మెకంజీ చిత్రాలనే ప్రధాన విషయంగా తీసుకుంది. 2017లో స్టోర్నోవేలో జరిగిన ప్రదర్శనకు లండన్ నుంచి కొన్ని వస్తువులు తరలి వెళ్లాయి. తెలుగు నేల మీద అలాంటి ప్రదర్శన పెట్టవలసిన అవసరం ఇంకా ఎక్కువ. సర్వే శాఖ పాత పటాలు కొన్ని ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారంలోనూ ఉన్నాయి.

ఈ పంపకంలో పోయింది కాగితం కాదు, సంబంధం. ఒక ఊరి కైఫియత్తు చెన్నైలో, ఆ ఊరి కోట బొమ్మ లండన్‌లో. ఇప్పుడు చాలా బొమ్మలు డిజిటల్ రూపంలో దొరుకుతున్నాయి కాబట్టి, కైఫియత్తుల సంపుటాలు అచ్చువేసేవారు ఆ ఊరి చిత్రాన్ని, పటాన్ని పక్కనే చేర్చడం ఇక కష్టం కాదు. ఆ పని చేయాలి.

ఒక తెలుగువాడి పటం

కావలి సోదరులలో మరొకడు వెంకట రామస్వామి. మెకంజీ మరణం తర్వాత అతను సొంతంగా రచనలకు పూనుకున్నాడు. 1829లో కలకత్తాలో దక్కను కవుల జీవిత చరిత్రలను ఇంగ్లీషులో అచ్చువేశాడు. నన్నయ, తిక్కనల పేర్లు ఇంగ్లీషు పాఠకులకు చేరిన తొలి పుస్తకాలలో అది ఒకటి. దానికి ఏడాది ముందే, 1828లో, దక్కను నగరాలు, స్థలాల వర్ణనతో మరో పుస్తకం తెచ్చాడు. ప్రాచీన దక్కను పటం చూసేవారికి తోడుగా ఉండాలని రాసిన పుస్తకమది. ఏ రాజవంశం ఎక్కడ ఏలింది, పాత నగరం పేరేమిటి అన్న ప్రశ్నలకు జవాబులు అందులో కూర్చాడు. కంపెనీ పటాలు శిస్తునూ సైన్యాన్నీ దృష్టిలో పెట్టుకుని గీసినవి. రామస్వామి ఆ భూమినే పాత రాజ్యాల, పాత పేర్ల వరసలో చూపాడు. మెకంజీ సేకరణ మీద పనిచేసినవారిలో దక్కను చరిత్రను, భూగోళాన్ని కలిపి సొంత పేరుతో ప్రచురించిన భారతీయుడు అతను.